మెట్రోలో తట్టిన జవాబు

ప్రశ్న: నా వయసు 39. కూకట్‌పల్లిలో ఉంటాం. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం. సొంతూరు తెనాలి. కిందటి నెల మా ఆఫీసు పిల్లలతో కలిసి మాదాపూర్‌లో స్టాండప్ కామెడీ షోకి వెళ్లాను. టీవీలో చూడటమే తప్ప ఎదురుగా కూర్చుని చూడటం అదే మొదటిసారి. తెలియక మొదటి వరసలో కూర్చున్నాం. ఆ అబ్బాయి "ఏం చేస్తారు మేడమ్?" అని అడిగాడు. బ్యాంకు అన్నాను. "అయితే మేడమ్ ఇప్పుడు నవ్వరు, లంచ్ తర్వాత రమ్మంటారు" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నా ముఖం మాడిపోయింది, నోట మాట రాలేదు. తీరా అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే జవాబు తట్టింది: "నవ్వుతాను బాబూ, ముందు నీ కేవైసీ అప్‌డేట్ చేయించుకో." అప్పటి నుంచీ కౌంటర్లో జరిగేవన్నీ డైరీలో రాస్తున్నాను. నాలుగు పేజీలు దీంతో పంపుతున్నాను. ఓపెన్ మైక్ అని ఒకటుంటుందట, ఎవరైనా ఎక్కొచ్చట. నాకూ ఎక్కాలని ఉంది. మా ఆయన "ఈ వయసులో నీకెందుకీ టెన్షన్" అంటున్నారు. అలాంటి చోట ఎలా కూర్చోవాలో కూడా తెలియనిదాన్ని, ఎక్కాలనుకోవడం అత్యాశేనా?
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: మేడమ్ అంటే మీకు మళ్లీ ఆ మొదటి వరస గుర్తొస్తుందేమో. అక్కా అంటాను, ఏమనుకోకండి.

మీ కేవైసీ జవాబు చదివి గట్టిగానే నవ్వాను. పక్క టేబుల్ ఆయన ఏమిటని అడిగితే చదివి వినిపించాను, ఆయనా నవ్వాడు. ఆయన బ్యాంకు కేవైసీ కోసం మూడుసార్లు తిరిగొచ్చిన మనిషి కాబట్టి కాస్త ఆలస్యంగా నవ్వాడు, అంతే తేడా.

ముందు ఆ రోజు సంగతి. మీకు నోట మాట రాలేదని బాధపడుతున్నారు గానీ, అది సమానమైన పోటీ కాదక్కా. "ఏం చేస్తారు?" అన్న ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. సాఫ్ట్‌వేర్, బ్యాంకు, డాక్టరు, హెచ్ఆర్, కొత్తగా పెళ్లైన జంట: మొదటి వరసలో దొరికేవాళ్లు ఎక్కువగా వీళ్లే. వీళ్లలో ప్రతి ఒక్కరికీ ఒకటో రెండో మాటలు కమెడియన్ జేబులో సిద్ధంగా ఉంటాయి. దీన్ని వాళ్లు క్రౌడ్ వర్క్ అంటారు. అప్పటికప్పుడు పుట్టినట్టు కనిపించేలా చెప్పడమే అందులో పనితనం. నిజంగా అక్కడికక్కడే అల్లేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ "లంచ్ తర్వాత రండి" అన్నది బ్యాంకుల మీద మన తాతల నాటి సరుకు. అతను ఎన్నోసార్లు చెప్పి అరగదీసిన మాటకి మీరు లైటు వెలుగులో రెండు సెకన్లలో బదులివ్వాలి. ఎవరివల్ల అవుతుంది? మీకు మాదాపూర్ నుంచి అమీర్‌పేట దాకా పట్టింది. రాసేవాళ్లకి వారాలు పడుతుంది.

ఇంకో మాట. ఆ జవాబు అక్కడే తట్టి ఉంటే బాగుండేదని మీకు అనిపిస్తోంది కదా? తట్టి, ఒక్కసారి అని ఊరుకుంటే బాగుండేదే. కానీ నేను చూసినంతలో, ప్రేక్షకుల్లోంచి ఒక మాట అని నవ్వు తెచ్చుకున్నవాళ్లు ఆ ఒక్కదానితో ఆగరు. రెండోది అంటారు, మూడోది అంటారు. అప్పటికి డబ్బిచ్చి వచ్చిన మిగతావాళ్లకి విసుగు మొదలవుతుంది.

ఈ విషయంలో మన పెద్దవాళ్ల తెలివి నాకు భలే నచ్చుతుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం ఉంటుంది చూడండి. అవధాని దత్తపదితో, నిషిద్ధాక్షరితో కుస్తీ పడుతుంటే మధ్యలో దూరి, సంబంధం లేని ప్రశ్నలేసి, ఆయన ధ్యాస చెడగొట్టడమే ఒకాయన పని. అవధాని ఆయనకి చమత్కారంగా బదులు చెప్పి, మళ్లీ తన పద్యంలోకి వెళ్లాలి. అంటే అడ్డం పడి మాట్లాడేవాడికి మనవాళ్లు వేదిక మీదే కుర్చీ వేసి, శాలువా కూడా కప్పారు. కాకపోతే ఆ కుర్చీ ఒక్కటే. కింద కూర్చున్న ఊరివాళ్లందరూ అప్రస్తుతం మాట్లాడతామంటే అవధానం సాగదు. స్టాండప్‌లో ఆ కుర్చీ వేయరు. కమెడియన్ అడిగినప్పుడు ఎవరిని అడిగితే వాళ్లకి, ఆ అర నిమిషం మాత్రమే అది దక్కుతుంది.

కాబట్టి ఈసారి ఎవరైనా అడిగితే చిన్నగా, నిజం చెప్పండి. "బ్యాంకులో పని, తెనాలి" చాలు. అతన్ని మించి నవ్వించాలని చూడనక్కర్లేదు. నిజంగా మాట్లాడే ఉద్దేశం లేకపోతే నవ్వి తల అడ్డంగా ఊపండి, మంచివాడైతే పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాడు.

ఎలా కూర్చోవాలో తెలియదని రాశారు. మనలో చాలామందికి తెలియదు, ఇది మనకి కొత్త అలవాటు. లండన్లో 1979లో మొదలైన కామెడీ స్టోర్ అనే స్టాండప్ క్లబ్బు ముంబైలో తలుపులు తెరిచింది 2010లో. మన బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక మొదలైందీ ఆ ఏడాదే. అంటే మన దగ్గర ఈ వ్యవహారం ఇంకా స్కూలు వయసులోనే ఉంది. టీవీలో 2013 నుంచి జబర్దస్త్ చూస్తున్నాం కాబట్టి కామెడీ షో అంటే స్కిట్టు, వేషాలు, టీము అనుకుంటాం. ఇక్కడ ఒక మనిషి, ఒక మైకు, ఒక స్టూలు మీద నీళ్ల సీసా. అంతే.

రెండో వరసో మూడో వరసో, మధ్యలో కూర్చోండి. సిగ్గుపడి వెనక గోడకి ఆనుకుని కూర్చోకండి. వెనక నవ్వు పలచగా ఉంటుంది. రాబర్ట్ ప్రోవైన్ అని అమెరికాలో ఒక న్యూరోసైంటిస్ట్ మనుషులు ఎప్పుడు నవ్వుతారో ఏళ్ల తరబడి గమనించాడు. ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతామని తేల్చాడు. ఇంట్లో ఫోన్లో చూసినప్పుడు పెదవి కదలని జోకుకి హాల్లో కడుపు పట్టుకుంటాం. కామెడీ గదులు ఇరుగ్గా, పైకప్పు కిందికి, కుర్చీలు మోకాలికి మోకాలు తగిలేలా ఉండటానికి అద్దె ఒక్కటే కారణం కాదు. పక్కవాడి నవ్వు మన భుజానికి తగలాలి. ఆరుబయట ఇదే జోకు చెబితే నవ్వు ఆకాశంలోకి పోతుంది. కమెడియన్ చెవికి సగమే అందుతుంది, "పేలలేదా?" అని అతనికి అనుమానం మొదలవుతుంది. మన వైపు కథ చెప్పేవాళ్లు "ఊఁ కొట్టండర్రా" అంటారు కదా. ఊఁ ఆగిపోతే కథ ఎంత బాగున్నా చెప్పేవాడి గొంతు జారుతుంది. అక్కడ మీ నవ్వు ఆ ఊఁ లాంటిది.

ఫోను సైలెంట్‌లో పెట్టడం, పక్కవాళ్లతో గుసగుసలాడకపోవడం మీకు చెప్పక్కర్లేదు. వీడియో మాత్రం తీయకండి. తయారవుతున్న జోకు ఒకసారి ఫోన్లలో తిరిగిందంటే రేపటి హాలుకి అది పాతబడిపోతుంది. అతని కూడు అది. నచ్చని జోకు వస్తే? ఒళ్లు, రంగు, కులం మీద చవకబారు మాటలు విని మర్యాద కోసం నవ్వనక్కర్లేదు. నవ్వకుండా కూర్చోండి. నిండు హాలు నిశ్శబ్దం కంటే కమెడియన్‌కి పెద్ద శిక్ష లేదు. మరీ భరించలేకపోతే ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే సందులో లేచి వెళ్లిపోవచ్చు.

ఇక ఓపెన్ మైక్. మీరు చూసింది టికెట్ షో, అక్కడ వినిపించింది పరీక్ష పాసైన సరుకు. ఓపెన్ మైక్ అంటే వంటిల్లు. పది పదిహేను మంది ఎక్కుతారు, ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. చాలా జోకులు తుస్సుమంటాయి. అలా తుస్సుమనడానికే అక్కడికి తెస్తారు. ఎక్కే ముందు ఒకే ఓపెన్ మైక్‌కి మూడు వారాలు వరసగా వెళ్లి కింద కూర్చోండి. వేర్వేరు చోట్లకి కాదు, ఒకే చోటికి. ఎందుకంటే మొదటి వారం సొరకాయ కూర మీద రెండు నిమిషాలు మాట్లాడిన కుర్రాడు మూడో వారం అదే జోకుని నలభై సెకన్లలో చెబుతాడు. ఏం తీసేశాడో చూడండి. హోస్టుని కూడా గమనించండి. ముందు ఎక్కినవాడు హాలుని చప్పబరిచి దిగితే, తర్వాతివాడు ఎక్కేలోపు దాన్ని మళ్లీ వేడెక్కించేది హోస్టే. ఏ పుస్తకంలోనూ ఇంత దొరకదు.

నేనూ ఒకసారి ఎక్కాను, చెప్పకపోతే అన్యాయం. ఒక కాఫీ షాపు మేడ మీద. నాలుగు నిమిషాల సరుకు అద్దం ముందు పదిసార్లు చెప్పుకుని వెళ్లాను. రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. నవ్వు వస్తుందని నేను ఆగాల్సిన చోట్ల నవ్వు రాలేదు, నేను ఆగలేదు, బస్సు తప్పిపోతున్నవాడిలా చదివేశాను. ఆఖరి పంచ్ దగ్గర వెనక ఎవరో కాఫీ గింజలు పట్టే మిషన్ ఆన్ చేశారు. మైకు స్టాండుని పక్కకి జరపాలన్న సంగతి కూడా తెలియదు, దాని వెనకే స్తంభం చాటు పిల్లిలా నిలబడ్డాను. కిందికి దిగాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "బాబూ, ఇంతకీ ఏ కంపెనీ తరఫున?" అని అడిగాడు. ప్రోడక్టు గురించి మాట్లాడుతున్నాననుకున్నాడట.

అందుకే చెబుతున్నా. మీకు నాలుగు నిమిషాలిస్తే మూడు నిమిషాల సరుకుతో వెళ్లండి. మిగతా నిమిషం ఆగడానికి. ఎక్కగానే మైకు తీసి స్టాండుని పక్కన పెట్టండి. ఆ రెండు సెకన్లలో ఊపిరి అందుతుంది. టైం దగ్గరపడితే వెనక నుంచి ఫోన్ లైటు ఊపుతారు. అది కనిపించగానే చేతిలో ఉన్న జోకు ముగించి దిగిపోవాలి. బాగా నడుస్తోంది కదా అని సాగదీస్తే తర్వాతి వారం స్పాట్ దొరకడం కష్టం.

ఇప్పుడు మీ డైరీ. నాలుగు పేజీల్లోనూ నాకు బంగారం లాంటిది ఒకటి దొరికింది, పింఛను తాతగారిది. మీరు రాసింది ఇలా ఉంది:

"మా బ్యాంకులో ప్రతి నవంబరులో పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుందండి, అంటే వాళ్లు బతికున్నారని రుజువన్నమాట, దానికి వేలిముద్ర వేయాలి, ఒక తాతగారు వచ్చారు, పాపం ఎనభై ఏళ్లుంటాయి, వేలిముద్ర పడలేదు, పెద్దవాళ్లకి వేళ్లు అరిగిపోతాయి కదా, మూడుసార్లు వేయించాను, అప్పుడాయన అయితే నేను పోయానంటావా అమ్మా అని అడిగారండి, నాకు ఒకటే నవ్వు, మళ్లీ పాపం అనిపించింది."

సంగతి అద్భుతం. చెప్పడంలోనే ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టుంది. దీన్నే ఇలా చెప్పి చూడండి:

"నవంబరులో మా కౌంటర్‌కి తాతగార్లు వస్తారు. బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి. ఒకాయన వచ్చారు. వేలు పెట్టారు. పడలేదు. తుడుచుకుని పెట్టారు. పడలేదు. మూడోసారి పెట్టారు. పడలేదు. ఆయన మెల్లగా తలెత్తి నా వంక చూసి... 'అయితే పోయానంటావా అమ్మా?'"

అక్కడ నోరు కట్టేసుకోండి.

ఏం మారిందో చూశారా? తెలుగులో మనకో చిక్కుంది. ఎవరి మాటైనా చెప్పాక "అని", "అన్నారు", "అని అడిగారండి" అంటూ తోక తగిలిస్తాం. కబుర్లలో ఆ తోక వల్ల నష్టం లేదు. మైకు ముందు మాత్రం జనం నోరు తెరవబోయే క్షణానికి సరిగ్గా మీ "అని అడిగారండి" వచ్చి పడుతుంది. ఇంకా ఏదో చెబుతోంది కాబోలని వాళ్లు ఆగిపోతారు. ఆగిన నవ్వు మళ్లీ రాదు. అందుకే ఎవరన్నారో ముందే చెప్పేయాలి: "ఆయన నా వంక చూసి". తర్వాత మాట. తర్వాత ఏమీ లేదు. వేళ్లు అరిగిపోతాయన్న వివరణ తీసేశాను, అది హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తన తాతగారి వల్ల తెలుసు. పాపం అనిపించిందన్నది కూడా తీసేశాను. మీరు చెప్పకపోయినా వాళ్లకి పాపం అనిపిస్తుంది. మీరు చెబితే నవ్వినందుకు సిగ్గుపడతారు.

నవ్వు తగ్గుముఖం పట్టగానే దాని మీదే ఇంకో మాట వేయొచ్చు. దీన్ని ట్యాగ్ అంటారు. మీ డైరీలో వేరే పేజీలో మేనేజరు మాట ఒకటుంది, దాన్ని ఇక్కడికి తెచ్చుకోండి: "లోపల్నుంచి మా మేనేజరు... 'సర్వర్ డౌనమ్మా, రేపు రమ్మను!'" బతికున్నాడో లేదో తేలని మనిషిని రేపు రమ్మనడం! ఈ రెండు నవ్వులూ మిషన్ మీద, బ్యాంకు మీద పడుతున్నాయి. తాతగారే మనకంటే చురుగ్గా కనబడుతున్నారు. ఆయన మనవడు హాల్లో ఉన్నా నవ్వుతాడు. మీ నాలుగో పేజీలో నత్తితో మాట్లాడే ఖాతాదారుడి గురించి ఉంది. దాన్ని మాత్రం పక్కన పెట్టండి. అక్కడ నవ్వు పడేది ఆయన మీదే.

మీ సెట్టు, అంటే మైకు ముందు మీరు చెప్పే సరుకంతా, మొదలుపెట్టడం దేనితో అంటారా? మొదటి వరసతోనే. "కిందటి నెల ఇలాగే ఒక షోకి వెళ్లి మొదటి వరసలో కూర్చున్నాను" అని మొదలెట్టి, ఆ అబ్బాయి మాట చెప్పి, హాలు గొల్లుమనడం చెప్పి, మాదాపూర్లో ఎక్కాను, జవాబు రాలేదు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటింది, రాలేదు, యూసుఫ్‌గూడ దాటింది, రాలేదు, అమీర్‌పేట... అప్పుడు కేవైసీ. హాల్లో సగం మంది మెట్రో ఎక్కి వచ్చినవాళ్లే, స్టేషన్లు మీతో పాటు వాళ్లూ లెక్కపెడతారు. "లంచ్ తర్వాత రండి"తో మొదలై మేనేజరు "రేపు రమ్మను"తో ముగిస్తే మూడు నిమిషాలకి సరిగ్గా సరిపోతుంది.

భాష గురించి మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. హైదరాబాద్ ఓపెన్ మైక్‌లలో హిందీ, ఇంగ్లిష్ ఎక్కువ వినిపిస్తాయి. తెలుగుకి విడిగా పెట్టే రోజులూ ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టర్లు పెడతారు, పేరు నమోదు చేసుకునేటప్పుడు తెలుగు అని ముందే చెప్పండి. తెనాలి యాస దిద్దుకోకండి. "ఏందమ్మా ఇది" అనే చోట "ఏమిటండీ ఇది" అన్నారంటే వార్తలు చదువుతున్నట్టుంటుంది.

ఆఫీసు విషయంలో మాత్రం జాగ్రత్త. ఖాతాదారుల సంగతులు బయటపెట్టకూడదన్న నియమం మీకు నాకంటే బాగా తెలుసు. పేర్లు, ఊళ్లు, మొత్తాలు మార్చేయండి. బ్యాంకు పేరు, బ్రాంచి పేరు అసలు ఎత్తొద్దు. కొన్ని చోట్ల సెట్టు రికార్డు చేసి ఆన్‌లైన్లో పెడతారు. వద్దనుకుంటే ఎక్కే ముందే హోస్టుతో చెప్పండి. బయటి కార్యక్రమాలకి మీ దగ్గర అనుమతి కావాలేమో ఒకసారి రూల్స్ చూసుకోండి.

ఇక బావగారు. ఆయన్ని మొదటి రోజు తీసుకెళ్లకండి. చుట్టాలని, ఆఫీసు పిల్లల్ని కూడా వద్దు. మనవాళ్లుంటే నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. ఆయన మీద జోకు ఉంటే ముందు ఆయనకి వినిపించండి. నవ్వితే వాడుకోండి. నవ్వకుండా "ఇదెక్కడ జరిగిందే?" అన్నారనుకోండి, అది ఇంకా మంచి జోకు, కానీ దానికీ అడగాలి. ఆయన టెన్షన్ అన్నారు కదా, ఆ మాట అబద్ధం కాదు. పేరు పిలిచే ముందు గుండె గొంతులోకి వస్తుంది, అరచేతులు తడుస్తాయి. చాలా షోలు చేసినవాళ్లు కూడా ఇదే చెబుతారు. 39 ఏళ్లన్నది మాత్రం అడ్డంకి కాదు. ఓపెన్ మైక్‌లో ఎక్కేవాళ్లలో చాలామంది పాతికేళ్ల కుర్రాళ్లు. డేటింగ్ యాప్, రూమ్మేట్, సాఫ్ట్‌వేర్ మేనేజరు... మూడో వ్యక్తి ఎక్కేసరికి అన్నీ విన్నవే అనిపిస్తాయి. వాళ్ల మధ్య బ్యాంకు కౌంటర్ వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తే జనం వెంటనే తలెత్తుతారు.

మీ సెట్టు అయ్యాక బ్యాగు తీసుకుని వెళ్లిపోకండి. చివరివాడు దిగేదాకా కూర్చోండి, మీరు ఎక్కినప్పుడు వాళ్లు కూర్చున్నారు కదా. ఆఖరి మెట్రో టైం మాత్రం చూసుకోండి.

అయ్యాక నాకు ఉత్తరం రాయండి. ఎంతమంది నవ్వారన్నది అక్కర్లేదు. మూడో వేలిముద్ర తర్వాత, తాతగారు తలెత్తే ముందు, ఎంతసేపు ఆగగలిగారో రాయండి.